తల ఊపితే ఒప్పుకున్నట్టేనా?

(రైతు సంఘం గ్రామ, మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మౌనం అర్ధాంగీకారం అని మనకో సామెత ఉంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని కూర్చుంటే "పిల్ల ఒప్పుకుంది" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. ఆ పిల్ల మనసులో ఏముందో అడిగిన వాళ్ళు లేరు. ఇప్పుడు గ్రామసభలో, బ్యాంకులో, భూసేకరణ విచారణలో రైతు పరిస్థితి అలాగే ఉంది. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నారంటారు. తల ఊపారు కాబట్టి అర్థమైందంటారు. మన నోరు చెప్పని మాటను ఎదుటివాళ్ళు ఎలా తీసుకుంటున్నారు, దానివల్ల మనకేం పోతోంది, మనం ఏం చేయాలి? ఈరోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

సైగల భాష రైతుకు కొత్త కాదు. పశువుల సంతలో దళారులు చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడటం మనలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. పక్కన నిలబడ్డవాడికి ధర తెలియదు. చేతులు కలిపిన ఇద్దరికీ మాత్రం ఏ వేలు ఎంతో తెలుసు. సైగకు అర్థం ముందే కుదిరింది కాబట్టి ఆ ఇద్దరి మధ్య తగాదా ఉండదు. మనం ఒక అర్థంతో చేసిన సైగను ఎదుటివాడు ఇంకో అర్థంతో తీసుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

ఎవరైనా మాట్లాడుతుంటే మనం ఊఁ కొడతాం, తల ఊపుతాం. "వింటున్నాను, చెప్పండి" అని దాని అర్థం. ఒప్పుకున్నామని కాదు. బ్యాంకులో పంట రుణం కాగితాలు ముందు పెట్టి గబగబా చెప్పుకుపోతుంటే కూడా అలాగే ఊపుతాం. "అర్థం కాలేదు సార్" అనడానికి మొహమాటం. రైతుకు అంతా తెలిసిందనుకుని ఆయన సంతకం పెట్టే చోటు చూపిస్తాడు. అందులో అడగని బీమా పాలసీ ఒకటి కలిపి ఉందన్న సంగతి ఖాతాలో డబ్బు తగ్గాక గానీ బయటపడదు. ఆయన కావాలని చేశాడా, పొరపాటున చేశాడా అన్నది వేరే విచారణ. మన తల ఊపు మాత్రం ఆయనకు పనికొచ్చింది.

ఎదుటివాళ్ళ తీరు కూడా మన మీద పనిచేస్తుంది. అధికారి తల ఎత్తకుండా ఫైలు చూస్తూ "ఊఁ, చెప్పు" అంటాడు. కూర్చోమనడు. చెప్పాలనుకున్న పది మాటల్లో నాలుగు మన గొంతులోనే ఆగిపోతాయి. ఆయన వద్దని ఒక్క మాట కూడా అనలేదు, అయినా మనం వెనక్కి వచ్చేశాం.

కొందరు శిక్షకులు మాటల విలువ 7 శాతమేనని, మిగతా 93 శాతం గొంతు, ముఖమేనని చెబుతుంటారు. ఈ లెక్క 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మానసిక శాస్త్రవేత్త తన సహచరులతో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ ప్రయోగాల్లో వాడింది విడి మాటలు, గొంతు తీరు, ముఖాల ఫొటోలు. మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతుంటే ఎదుటివాడికి మనమంటే ఇష్టమో కాదో జనం దేన్నిబట్టి తేల్చుకుంటారన్నదే అక్కడ ప్రశ్న. అన్ని మాటలకూ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. వడ్డీ ఎంతో చెప్పకుండా కనుబొమ్మలు ఎగరేస్తే మనకు తెలుస్తుందా? తెలియదు. కాబట్టి ఆ 93ను పక్కన పెట్టండి. మాటకూ ముఖానికీ పొంతన లేనప్పుడు జనం ముఖాన్నే నమ్ముతారన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ఊరి పక్కన ఫ్యాక్టరీయో గనియో వస్తుందంటే ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. షామియానా కింద ముందు వరసలో కుర్చీలుంటాయి. అక్కడ కంపెనీవాళ్ళు, నాయకులు, పెద్ద భూస్వాములు కూర్చుంటారు. చుట్టూ పోలీసులుంటారు. కౌలు రైతులు, కూలీలు, ఆడవాళ్ళు వెనక నిలబడతారు. "అభ్యంతరాలుంటే చెప్పండి" అని మైకులో అడుగుతారు. మైకు దాకా వెళ్ళాలంటే ఆ కుర్చీల ముందు నుంచే నడవాలి. నోరు తెరవకముందే ఆ ఏర్పాటు మనతో "మీరు మాట్లాడేవాళ్ళు కాదు" అని చెప్పేసింది. మనం కడుపుమంటతో ఊరుకుంటాం. మరునాడు ఆ మౌనం కాగితం మీద అంగీకారంగా మారుతుంది.

దీనికి చట్టంలో మనకు కొన్ని పట్లు ఉన్నాయి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఈ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో అక్కడ జరిగిన దాని సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. కోరం నిబంధన మాత్రం లేదు. అంటే మనం అలిగి లేచి వెళ్ళిపోయినా విచారణ జరిగినట్టే లెక్క. మన కోపం వీడియోలో ఖాళీ కుర్చీలుగా కనిపిస్తుందే తప్ప అభ్యంతరంగా నమోదు కాదు. మనం మాట్లాడాలి, రాసి ఇవ్వాలి, చదివి వినిపించేదాకా కూర్చోవాలి.

భూసేకరణ సంగతి కూడా ఇలాంటిదే. 2013 కేంద్ర చట్టంలో ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందస్తు సమ్మతి కావాలన్నారు. తర్వాత రాష్ట్రాలు సవరణలు చేసుకుని మినహాయింపులు తెచ్చుకున్నాయి. చట్టమే పలచబడినప్పుడు మన మౌనం ఖరీదు ఇంకా పెరుగుతుంది.

అయితే మౌనమంటే ఎప్పుడూ లొంగుబాటేనా? కాదు. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబైకి రైతులు, ఆదివాసీలు దాదాపు 180 కిలోమీటర్లు నడిచారు. పదో తరగతి పరీక్షలు రాసే పిల్లలకు ఇబ్బంది కలగకూడదని చివరి మజిలీని అర్ధరాత్రి దాటాక నడిచారు. బొబ్బలెక్కిన ఆ పాదాలు, పిల్లల కోసం తెల్లవారకముందే నడిచిన ఆ నడక చూసి ముంబై జనం నీళ్ళు, తిండి, చెప్పులు పట్టుకుని ఎదురొచ్చారు. కానీ ఆ రైతులు జాలితో సరిపెట్టుకోలేదు. రాతపూర్వక హామీ తీసుకున్నాకే వెనుదిరిగారు.

2020 డిసెంబరులో ఢిల్లీ విజ్ఞాన్ భవన్ చర్చల్లో రైతు నాయకులు ప్రభుత్వం పెట్టిన భోజనం కాదని తాము తెచ్చుకున్న అన్నం తిన్నారు. ఇంకో రోజు "అవునా, కాదా" అని రాసిన కాగితాలు చేతబట్టి మౌనంగా కూర్చున్నారు. ఆ మౌనాన్ని ఎవరూ అంగీకారమని రాసుకోలేకపోయారు, దాని అర్థం చేతిలోనే రాసి ఉంది కదా! మరుసటి ఏడాది నవంబరులో ఆ మూడు చట్టాలూ రద్దయ్యాయి.

మన నేల మీద కూడా ఈ పాఠం ఉంది. తెలంగాణలో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని, తలపాగా తీసి, వంగి నడిచిన మనుషులు సంఘం పెట్టుకున్నాక నిటారుగా నిలబడ్డారు. నడుము వంగినంతకాలం వెట్టి మాకొద్దన్న మాట దొర చెవికి ఎక్కలేదు.

కాబట్టి కార్యకర్తలకు నాలుగు మాటలు. మొదటిది, ఆఫీసుకు ఒంటరిగా వెళ్ళొద్దు. కనీసం ముగ్గురు వెళ్ళండి, "కూర్చుని మాట్లాడదాం సార్" అని మర్యాదగా అడగండి. రెండోది, అర్థం కానప్పుడు తల ఊపొద్దు. "మళ్ళీ చెప్పండి, ఇంకా ఒప్పుకోలేదు" అని నోటితో అనండి. మూడోది, ఆయన భుజం తట్టాడని, టీ ఇప్పించాడని పని అయిందనుకోవద్దు. అర్జీకి రశీదు తీసుకున్నాకే బయటికి రండి.

నాలుగోది మన గురించే. మన సంఘం సమావేశాల్లో కుర్చీల్లో ఎవరు కూర్చుంటున్నారు, నేల మీద ఎవరు కూర్చుంటున్నారు? కౌలు రైతు లేచి మాట్లాడుతుంటే వేదిక మీదివాళ్ళు ఫోను చూసుకుంటే అతనికి ఏం చేరుతుంది? ఆడవాళ్ళు మౌనంగా ఉన్నారని "అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని మనమే రాసేసుకుంటే, షామియానా కింద అధికారి చేసినదానికీ మనం చేసినదానికీ తేడా ఏమిటి? వచ్చే నెల నుంచి గ్రామ కమిటీ సమావేశాలు గుండ్రంగా కూర్చుని జరపండి. ప్రతి తీర్మానానికీ ముందు వెనక వరసవాళ్ళను, ఆడవాళ్ళను పేరుపెట్టి అడగండి. వాళ్ళ నోటి నుంచి అవునో కాదో వచ్చాకే రాసుకోండి.