తల్లినే కొన్న పిల్ల కంపెనీ

మీలో చాలామందికి నెలనెలా ఏటీ అండ్ టీ బిల్లు వస్తుంటుంది. ఆ పేరు పాతదే గానీ, దాని వెనకున్న కంపెనీ నిజానికి మన టెక్సస్‌కు ఫోన్లిచ్చిన సౌత్‌వెస్టర్న్ బెల్!

గుత్తాధిపత్యంపై అమెరికా ప్రభుత్వం వేసిన కేసు ఫలితంగా, 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ నుంచి స్థానిక ఫోన్ వ్యాపారం విడిపోయి ఏడు ప్రాంతీయ సంస్థలయింది. వాటిలో ఒకటైన సౌత్‌వెస్టర్న్ బెల్‌కు టెక్సస్, మిస్సోరి, కాన్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా వాటాగా వచ్చాయి. ఏడింటిలో ఇదే చిన్నది. 1995లో ఎస్‌బీసీగా పేరు మార్చుకుంది. 1997లో పసిఫిక్ టెలిసిస్‌ను, 1999లో అమెరిటెక్‌ను కొంది. 2005లో ఏకంగా తల్లి కంపెనీనే కొనేసి, ఆ పేరే పెట్టుకుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో తల్లి వాడిన ‘టి’ అనే ఒంటి అక్షరాన్నీ వదల్లేదు. ఎంత పట్టుదల! 2008లో ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఆంటోనియో నుంచి డాలస్‌కు తెచ్చుకుంది.