బావిలో నీళ్లకు లెక్క



గోదావరి లోయ బొగ్గు ప్రాంతం అనగానే ఓపెన్‌కాస్టుల గురించే మాట్లాడుతున్నాం. అవి కళ్లకు కనబడతాయి. భూగర్భ గని చేసే నష్టం ముందుగా తెలిసేది బిందె పట్టుకుని బావికి వెళ్లిన మనిషికే.

గనిలో పైకప్పు నిలవడానికి కొంత బొగ్గును స్తంభాలుగా వదులుతారు. చివర్లో వాటినీ తీస్తారు. కప్పు కూలి, పైనున్న ఇసుకరాయి పొరలు పగులుతాయి. ఇక్కడ బావులకు నీరిచ్చేది ఆ ఇసుకరాయే. గనిలోకి దిగిన నీటిని పంపులతో తోడి వాగులో వదులుతారు. ఎండాకాలంలో వాగు పారుతుంటే 'నీళ్లకేం కొదవ?' అంటారు. అవి బావిలో ఉండాల్సిన నీళ్లు! పగుళ్లు వాగు అడుగుదాకా వస్తే ఆ వాగూ ఇంకిపోతుంది. ఖాళీలను ఇసుకతో నింపితే భూమి కుంగడం తగ్గుతుంది, నిజమే. ఆ ఇసుకను ఏళ్ల తరబడి తెచ్చింది ఏటి నుంచే.

1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పని చేయనివ్వలేదు; 2019లో గానీ కొంత సడలింపు రాలేదు. గని జీతం మనకు రాలేదు, నీళ్ల మోత వచ్చింది. నష్టపరిహారమేమో పట్టా చూసి ఇస్తారు. పట్టాలు ఎవరి పేరున ఉంటాయో మీకు చెప్పాలా?

1991లో సుభాష్ కుమార్ కేసు బొకారో నదిలో కలిసే బొగ్గు వాషరీ వ్యర్థాల గురించే. సుప్రీంకోర్టు పిటిషన్ కొట్టేసింది గానీ, కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ మాట వాడుకోవాలంటే రుజువు కావాలి. గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టకముందే ప్రతి బావిలో నీటిమట్టం వేసవిలో, వానల తర్వాత కొలిచి రాయండి. రాయి కట్టిన తాడు చాలు. తేదీ, కొలిచినవాళ్ల సంతకాలు మరవకండి.