కారు మరమ్మతు: న్యాయమైన కూలి

ఒకప్పుడు కారు కలిగియుండుట జమీందారులకును, పెద్ద ప్లీడర్లకును మాత్రమే చెల్లిన వైభవము. నేడు అది మధ్యతరగతి గృహస్థుని వాకిట నిలిచిన వస్తువు. కొనునాడు బ్యాంకువారు అప్పిత్తురు. నెలవారీ వాయిదా ఎంతయో కాగితముపై లెక్కకట్టి చూపుదురు. కొన్న పిమ్మట ఏటేటా రాబోవు సర్వీసు బిల్లును గూర్చి మాత్రము ఎవరును అంత వివరముగా చెప్పరు. ఆ బిల్లు చేతికి వచ్చిననాడు ఇంటిలో ఒక ప్రశ్న పుట్టును: “ఇంత సొమ్ము న్యాయమేనా? ఈ పాటి పని మనమే చేసికొనరాదా?” ఈ ప్రశ్నకు కోపముతో గాక లెక్కతో సమాధానము వెదకుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా బిల్లును విడదీసి చూతము. అందు సాధారణముగా మూడు భాగములుండును. మొదటిది సరుకు, అనగా ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు మొదలగునవి. రెండవది కూలి. మూడవది అదనపు సేవలు. లోపలి సీట్ల శుభ్రము, ఏసీకి మందు కొట్టుట, ఇంజినులోని మసి తీయుట, అడుగున పూత పూయుట వంటివి. ఈ మూటిని ఒకే త్రాసున తూచరాదు.

సరుకు సంగతి తేలిక. పొట్లముపై గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసియుండును. అది సకల పన్నులతో కలిసిన ధర. దానిపై మరల పన్ను వేయుటకు వీలులేదు. బిల్లులో ధరను, పన్నును వేరువేరుగా చూపినను ఆ రెండింటి మొత్తము పొట్లము మీది అంకెను దాటరాదు. అదిగాక 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి, అంతకుముందు 28 శాతముగా నుండిన స్పేరుపార్టుల జీఎస్టీ 18 శాతమునకు తగ్గినది. కనుక పాత పొట్లములను తెచ్చి చూపి, ఈ లెక్క ఎట్లు వచ్చినదని అడుగు హక్కు మనకు కలదు. అడిగినచో చిన్నతనమేమియు లేదు.

కూలి విషయము కొంత చిక్కైనది. కంపెనీ అధికృత వర్క్‌షాపులలో ఏ పనికి ఎంత కాలము పట్టునో ముందే నిర్ణయించియుందురు. ఆ కాలమును గంట ధరతో హెచ్చించి కూలి వేయుదురు. చేయి తిరిగిన పనివాడు గంట పనిని అరగంటలో ముగించినను గంట కూలియే పడును. ఇది మోసమని కొందరు తొందరపడి అందురు. మాకట్లు తోచదు. ఆ అరగంట వెనుక ఏండ్ల అభ్యాసమున్నది. బండిని పైకెత్తు యంత్రము, లోపమును చదివి చెప్పు స్కానరు, స్థలము అద్దె, చేసిన పనికి పూచీ, ఇవన్నియు ఆ గంట ధరలో ఇమిడియున్నవి. పానా పట్టిన పనివానికి చేరునది అందులో కొంత మాత్రమే.

అట్లని కంపెనీలు చెప్పునదంతయు న్యాయమని ఒప్పుకొనవలెనా? ఒప్పుకొననక్కరలేదు. ఒక వినియోగదారుని ఫిర్యాదుపై విచారణ జరిపి, భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఒక ముఖ్యమైన ఉత్తర్వు నిచ్చినది. 14 కార్ల కంపెనీలు తమ స్పేరుపార్టులను, లోపములు కనుగొను సాధనములను బయటి మెకానిక్కులకు స్వేచ్ఛగా దొరకనీయక, మరమ్మతు వ్యాపారములో పోటీని అణచినవని తేల్చి, మొత్తము సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ అంతయు రద్దని షరతు పెట్టరాదనియు, బయటి పనివాని తప్పువలన కలిగిన నష్టము మేరకే దానిని నిరాకరింపవచ్చుననియు ఆదేశించినది. కంపెనీలు దీనిపై ట్రిబ్యునలును, న్యాయస్థానములను ఆశ్రయించినవి. కావున వారంటీ కాలములో నున్నవారు తమ వారంటీ పుస్తకమును చదివి, ఆ షరతులను గమనించి నడచుకొనుట క్షేమము. అయినను ఆ విచారణ ఒక సత్యమును వెల్లడించినది: బిల్లు పెరుగుటకు పనితనము ఒక్కటియే కారణము కాదు, మరియొక చోటికి పోవు దారి లేకపోవుటయు ఒక కారణమే.

ఇక సొంత చేతుల సంగతి. గాలి ఫిల్టరు మార్చుట పెక్కు కార్లలో నాలుగు క్లిప్పులు విప్పి బిగించు పని. ఏసీ ఫిల్టరు చాల బండ్లలో ముందు సీటు ఎదుటి అర వెనుకనే యుండును. వైపర్ రబ్బర్లు మార్చుట, టైర్ల గాలి చూచుట, కూలెంటు మట్టము గమనించుట, ఇవి ఇంటిలో ఎవరైనను నేర్చుకొనదగినవే. ఇంజిను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదను ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు.

ఇంజిన్ ఆయిలు మార్చుట దీనికి పై మెట్టు. దీనిలో లెక్క చూడవలెను. కూలి వేయి రూపాయలనుకొందము. జాకీ, స్టాండ్లు, పానాలు, ఆయిలు పట్టు పళ్లెము అన్నియు కలిపి ఐదువేలనుకొందము. ఏడాదికొకమారు ఆయిలు మార్చువానికి ఆ సామాను ఖర్చు తీరుటకే ఐదేండ్లు పట్టును. ఈ లోపల డ్రెయిన్ బోల్టు మర చెడినచో మిగిలినదంతయు పోవును. తీసిన పాత ఆయిలును మురుగుకాలువలో పోయరాదు. అది ప్రమాదకర వ్యర్థములలో చేరినది, సేకరించువారికి అప్పగింపవలసినదే. కావున ఈ పనిని సరదాకు చేయువాడు చేయవచ్చును గాని, గొప్ప పొదుపని భ్రమపడరాదు. మన కాలమునకు కూడ ఒక వెల ఉన్నది గదా!

బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగలు, వీనిజోలికి శిక్షణ లేనివాడు పోనేరాదు. కేవలము జాకీపై నిలిపిన బండి క్రిందికి దూరరాదు. ఇచ్చట మిగులు రూపాయలలో ఉండును. తప్పిదము వెల మాత్రము రూపాయలలో ఉండదు. ఆ బండిలో మన పిల్లలును కూర్చుందురు, ఎదురుగా పరులును నడచుదురు.

కంపెనీ వర్క్‌షాపునకును, సొంత చేతులకును నడుమ మూడవ దారి ఒకటి మనకు చిరపరిచితమే. విజయవాడ ఆటోనగరును చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. లేతు పనికొక షెడ్డు, రేడియేటరుకొక షెడ్డు, విద్యుత్తు పనికొక షెడ్డు. ఒక్కొక్కచోట ఒక్కొక్క విద్య. కంపెనీవారు మొత్తము భాగమును మార్చవలెనన్నచోట, అచ్చటి పనివాడు చెడిన ముక్కనే బాగుచేసి ఇచ్చుట కద్దు. వారంటీ దాటిన బండికి ఇది మేలైన ఆశ్రయము. కాని అచ్చటను బిల్లు అడుగవలెను. వేసిన భాగము అసలుదో నకిలీదో పొట్లము చూచి తెలిసికొనవలెను.

ఏ చోటికి పోయినను పాటింపదగిన నియమములు కొన్ని గలవు. పని మొదలుపెట్టక ముందే అంచనాను వ్రాతమూలముగా తీసికొనవలెను. కంపెనీ ఇచ్చిన పుస్తకములో ఎన్ని కిలోమీటర్లకు ఏ పని చేయవలెనో ఉండును; ఆ పట్టికలో లేని అదనపు సేవను ఎందుకని ప్రశ్నింపవలెను. మార్చిన పాత భాగములను చూపుమని అడుగవలెను. అన్యాయము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’ పేరుతో ఒక పోర్టలును తెరచినది. అందు మోటారు వాహనములకును చోటున్నది.

తుదకు మా అభిప్రాయమిది. మనకు లేని విద్యకును, మనవద్ద లేని సాధనమునకును, చేసిన పనికి ఇచ్చు పూచీకిని చెల్లించు సొమ్ము ఎక్కువైనను న్యాయమే. మన తెలియమికి చెల్లించు సొమ్ము తక్కువైనను అన్యాయమే. పింఛను సొమ్ముతో బండి నడుపు వృద్ధునకు అడుగని సేవ పేరిట రెండువేలు చేర్చుట ఎట్టి తప్పో, ఎండలో బండి క్రింద పండుకొని పనిచేయు మెకానిక్కువద్ద వంద రూపాయలకు బేరమాడుటయు అట్టిదే. ఈ రెండు తప్పులనుండియు తప్పించుకొనుటకు ఆ పుస్తకమును ఒక సాయంకాలము కూర్చుండి చదివిన చాలును. కారు కొన్ననాడే అది మనకు అందినది. పెక్కు ఇండ్లలో దాని కవరైనను విప్పబడియుండదు.