తెల్లవారుజామున జపాను పాఠం

(మహానందిలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



పొద్దున్నే కోనేట్లో మునిగి, పులిహోర తిని కూర్చున్న మీకు నిద్ర రాకుండా మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. కరువు భత్యం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు గనుక నేను మా యింటి సంగతి ఒకటి మనవి చేస్తాను.

మా మనుమరాలు నర్సింగు చదివింది. జపానులో వృద్ధుల సేవకు పోతానన్నది. అక్కడ ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్ళ పైబడినవారే. చూచుకొనే చేతులు చాలవు. 2021 జనవరిలో మన దేశానికీ జపానుకూ ఒప్పందం కుదిరి, ఇటువంటి పనులకు పోయే దారి ఏర్పడింది. వృత్తి పరీక్షలతోపాటు భాషలో ఎన్-4 స్థాయి గాని, దానికి సమానమైనది గాని దాటాలి. నాకు ససేమిరా ఇష్టం లేదు. "నన్నూ మీ అవ్వనూ చూడవలసిన పిల్లవు, ఎవరో ముసలివాళ్ళకు అన్నం పెట్టడానికి అంత దూరమా?" అని వారం రోజులు మాట్లాడలేదు.

దానికితోడు ఒక ఏజెంటు జపనీసు నేర్పిస్తానని ముందే డబ్బు కట్టించుకొని, పది క్లాసుల తర్వాత ఫోను తీయడం మానేశాడు. మీ పిల్లలెవరైనా విదేశీ ఉద్యోగానికి పోదలిస్తే, ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదో లేదో ముందు చూడండి.

ఆ తర్వాత పిల్లే ఇంటర్నెట్టులో వెదకి, ఒసాకాలో ఉండే ఒక పంతులమ్మను కుదుర్చుకున్నది. ఫోను తెర మీదనే ముఖాముఖి పాఠం. వారి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. ఆమెకు ఉదయం తొమ్మిదయితే మనకు అయిదున్నర. మా యింట్లో సిగ్నలు మిద్దె మీద తప్ప అందదు. చీకట్లో ఆడపిల్ల ఒక్కతే ఎందుకని నేనూ కాఫీ గ్లాసుతో పక్కన కూర్చునేవాణ్ణి. చేరింది కాపలాకే, విద్య కోసం కాదు.

కానీ ట్రెజరీ గుమాస్తా చెవి ఊరుకోదు గదా! వాళ్ళ వాక్యంలోనూ మన మాదిరే క్రియ చివరికే వస్తుంది. పేరు పక్కన మన "గారు" వలె వారి "సాన్". "తబెతే మిరు" అంటే అక్షరాలా "తిని చూడటం", అదీ మన అర్థంలోనే. సుసుము ఓనో అనే జపాను పండితుడు తమిళంతో వారి భాషకు చుట్టరికం ఉన్నదని వ్రాశారు. భాషావేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం సంగతి ఎట్లున్నా నాకు సుళువయింది. పాత లెడ్జరులో హిరగానా అక్షరాలు 46 దిద్దాను. కంజీల జోలికి మాత్రం పోలేదు.

ఒకనాడు పంతులమ్మ నన్ను రోగిగా కూర్చోమన్నది. మనుమరాలు నా ముందు కింద కూర్చొని, ముఖంలోకి చూస్తూ "దోకో గా ఇతాయ్ దేస్ కా?" అని అడిగింది. ఎక్కడ నొప్పి అని. పాఠంలో జవాబు "తల". నేను "హిజా" అన్నాను. మోకాలు. ఆరు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పని నొప్పి అది. పిల్ల పుస్తకం మూసేసింది. ఆ రోజే నంద్యాలలో డాక్టరుకు చూపించింది. బస్సులో తిరిగి వస్తూ నేనే అడిగాను, "పరీక్ష ఎప్పుడమ్మా?" అని.

చెన్నైలో వ్రాసింది, ప్యాసయింది. వచ్చే నెలలో ప్రయాణం. వాళ్ళు ఇల్లు కదిలేటప్పుడు "ఇత్తె కిమస్" అంటారు. "వెళ్ళి వస్తాను" అనే. పోతాను అనరు. అది పోయాక మాకెవరన్న ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.

నా పాఠం మాత్రం ఆగలేదు. 2022 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ చిత్రం జపానులో విడుదలయింది గదా, అది చూచినప్పటినుంచి ఆ పంతులమ్మకు తెలుగు మీద మోజు. ఇప్పుడు అరగంట ఆమె నాకు జపనీసు, అరగంట నేను ఆమెకు తెలుగు. ఫీజు లేదు. వాళ్ళ భాషలో "ల" లేదు. నల్లమలను "నర్రమర" అంటుంది. ప్రస్తుతం "ళ" దగ్గర ఆగి ఉన్నాము.