అక్కచెల్లెళ్లను తూచి మగచేపను ఎంచడం



నాలుక చేప మన తీరంలో వలకు పడేదే తప్ప చెరువులో పెంచేది కాదు. చైనాలో మాత్రం బోహాయ్, పసుపు సముద్రాల తీరాన దాని దగ్గరి చుట్టాన్ని తొట్లలో పెంచుతున్నారు. బల్లపరుపు ఒళ్లు, రెండు కళ్లూ ఎడమ పక్కనే. 

ఈ జాతిలో ఆడది మగదానికి రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది. రైతు లెక్కలో మగచేపకు వేసిన మేత దండగే. పోనీ, బాగా పెరిగినవాటిని ఏరి జత కడదామంటే, ఏరినవన్నీ ఆడవే అవుతాయి! మగదానిలో ఎదుగుదల గుణం ఎంతుందో దాని ఒళ్లు చూస్తే తెలియదు. అక్కచెల్లెళ్లను తూచాలి, కూతుళ్లను తూచాలి. పెళ్లిచూపుల్లో పిల్లాణ్ణి వదిలేసి వాడి అక్కచెల్లెళ్లను చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టన్నమాట. అందుకే ఏ చేప ఏ కుటుంబందో గుర్తు పెట్టుకోకుండా ఈ పని సాగదు.

ఇంకో చిక్కు వేడితో. నీళ్లు 22 డిగ్రీలున్నప్పుడు, జన్యువుల ప్రకారం ఆడవి కావలసిన పిల్లల్లో సుమారు 14 శాతం మగవిగా మారతాయి. లేతదశలో 28 డిగ్రీల్లో ఉంచితే అది 73 శాతానికి చేరుతుంది. అలా మారినవాటిని తండ్రులుగా వాడితే, మామూలు వేడిలో పెరిగిన సంతానంలోనూ ఆడవి కావలసినవి చాలావరకు మగవే అవుతాయి. 2014లో ఈ చేప జన్యుపటం వెలువడింది. రెక్క కొస తుంచి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఏది నికరమైన మగదో, ఏది మారినదో ఇప్పుడు తేలిపోతుంది.

మన దగ్గర ఇలాంటి పని జరగలేదనుకోకండి. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో మంచినీటి చేపల పెంపకంపై పరిశోధించే సీఫా సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి శీలావతి చేప మీద ఎంపిక మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి చేపలు తెచ్చారు. ఒక్కొక్కదాని ఒంట్లో చిప్ పెట్టి కుటుంబాల లెక్క రాశారు. తరానికి సుమారు 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల వేళ ఈ మెరుగైన రకానికి ‘జయంతి’ అని పేరు పెట్టారు. నా దృష్టిలో అక్కడ చిప్ కన్నా గొప్పది అన్ని నదుల రక్తాన్ని ఒకచోట చేర్చడం.

ఈ రోజు మత్స్యశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చేపపిల్లలను పుట్టించే హేచరీల్లో చేరతారు. తల్లిచేప లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి నాలుగు బ్రూడర్లతో, అంటే సంతానం కోసం ఉంచుకునే చేపలతో, సీజనంతా నెట్టుకురావచ్చనే ఆశ అక్కడ ఎప్పుడూ ఉంటుంది. వాటి పిల్లలనే మళ్లీ బ్రూడర్లుగా పెడుతూ పోతే రక్తసంబంధం దగ్గరై ఎదుగుదల పడిపోతుంది. రైతేమో మేతను, నీళ్లను అనుమానిస్తాడు. చేరిన మొదటి రోజే బ్రూడర్ల రిజిస్టర్ చూపించమని అడగండి. లేదంటే ఒక నోటుబుక్కు కొని మీరే మొదలుపెట్టండి: ఏ చేప ఎక్కడి నుంచి వచ్చింది, దేనితో జత కలిపారు, పిల్లలు ఎన్ని నెలలకు ఎంత తూగాయి.