ఎండకాలంలో మొక్కకు నీడ



రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని పెద్దల మాట. రోలే పగిలే ఎండలో నిన్నగాక మొన్న మొలిచిన వంగనారు గతేమిటి? ఈనాడు ఆ సంగతి ముచ్చటించుకుందాము.

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానమనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి గొడుగు పట్టినట్లుండేవి. వాటి నీడన పెరటిమొక్కకు వేరే పందిరి అక్కరలేకపోయేది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను ఆ చెట్లను వేలకువేలుగా కూల్చింది. చెట్టుతోపాటు నీడా పోయింది. మళ్లీ కొబ్బరి మొక్క నాటి కాపు కళ్లజూడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ మొక్క మొదటి రెండు వేసవులు దాటక ఎండిపోతే, పోయింది ఒక్క మొక్కే కాదు, అన్నేళ్ల కాలం కూడా.

ఎండ వలన కీడు ఎట్లా కలుగుతుంది? ఆకునుంచి నీరు ఆవిరైపోయే వేగానికి వేరు నీరందించలేదు. మొక్క వాడిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది. టమాటాకైతే పగటి వేడి 35 డిగ్రీలు మించి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలుతుంది.  దీనికి వేడి తగ్గించడం మంచి మందు.

నీడ ఎటువైపు కట్టాలి? మన ప్రాంతంలో మే నెల నడుమ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. కావున గోడ నీడ ఆ వేళకు పనికిరాదు. పైన పందిరి ఉండాలి. మధ్యాహ్నం తరువాత ఎండా, వడగాలీ పడమటినుంచి వస్తాయి. అటువైపు ఒక తడిక కట్టండి. తూర్పు తెరచి ఉంచండి. ఉదయపు ఎండ మొక్కకు మేలే. లేత కొబ్బరి మొక్కకు పడమర, నైరుతి దిక్కులలో కొబ్బరాకు తడిక నిలిపితే చాలు.

పందిరికి ఇప్పుడు బజారులో షేడ్‌నెట్ దొరుకుతున్నది. 50 శాతం అంటే సగం వెలుతురును ఆపుతుందని అర్థం. కూరగాయల నారుకు అది సరిపోతుంది. 75 శాతం నెట్ కింద టమాటా, మిరప పెట్టకండి. వెలుతురు చాలక సన్నగా సాగిపోతాయి. నెట్ కొనే వీలు లేనివారు విచారించనక్కరలేదు. విజయనగరం మెట్టల్లో తాటాకుకు కొదవా? కర్రలు పాతి తాటాకు పలచగా పరచండి. నేలమీద ఎండా నీడా సగం సగం పడితే అదే 50 శాతం లెక్క.

పందిరి మనిషి ఎత్తున ఉండాలి. మొక్కలకు ఆనుకొని కట్టితే వేడి కిందనే నిలుస్తుంది. నెట్ బదులు పాలిథిన్ పట్టా కప్పడం మరీ పొరపాటు. గాలి ఆడక మొక్క ఉడికిపోతుంది. వేసవి గాలివానకు నెట్ ఎగిరిపోకుండా నాలుగు మూలలా గట్టిగా బిగించండి.

నీడ ఉన్నదిగదా అని నీరు మానవద్దు, అతిగా పెట్టనూ వద్దు. నారుమడిలో తడి ఆరకపోతే మొదలు కుళ్లు వస్తుంది. ఉదయంగాని, సాయంత్రంగాని తడపండి. మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి, ఆకులు పరిస్తే తడి నిలుస్తుంది.

ఇక ముఖ్యమైన మాట. నీడన పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో నాటకండి. నాటడానికి వారం పదిరోజుల ముందునుంచి రోజూ కొంతసేపు పందిరి తొలగించి, ఆ వేళ క్రమంగా పెంచండి. నారు గట్టిపడుతుంది. తొలకరి నిలదొక్కుకోగానే పందిరి తీసివేయండి.

సందేహాలుంటే ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలవారిని అడగండి. ఎండలు ముదరక ముందే నాలుగు కర్రలు సిద్ధం చేసుకోండి. రేపు మనకు నీడనిచ్చే చెట్టుకు ఈ రెండు వేసవులూ మనం నీడనివ్వాలి. సెలవు.