ఫ్రీ టూర్ సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ మేము ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చదివి కూర్చుంటాం. ఆ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము లేచింది మా సంఘం చేసిన ఒక తప్పు చెప్పడానికి. మేము చెప్పుకోకపోతే రేపు ఇంకో ఊరిలో అదే జరుగుతుంది. అందుకని సిగ్గు పక్కన పెట్టి చెప్తున్నాం.

పోయిన ఏడాది మా గ్రామ సంఘం మీటింగు రోజున ఒక అబ్బాయి వచ్చాడు. టై కట్టుకున్నాడు, మాట మెత్తగా ఉంది. "అక్కా, మా కంపెనీ మహిళా సంఘాలకు ప్రత్యేకంగా ఫ్రీ టూర్ ఇస్తోంది. ఊటీ, గోవా, కొడైకెనాల్, మీ ఇష్టం. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు, రూము పూర్తిగా ఉచితం. మీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసిస్తే చాలు" అన్నాడు. లీడర్లకు అప్పటికప్పుడు ఒక్కో సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, కింద సీలు. మేము రిజిస్టరు తీసి నంబర్లన్నీ రాసిచ్చేశాం. తీర్మానం రాయలేదు, సభ్యులను అడగలేదు.

వారం తిరక్కుండా మా ఆడవాళ్ళకు ఫోన్లు మొదలయ్యాయి. "మేడమ్, మీకు గిఫ్ట్ వచ్చింది. మీ సంఘం నుంచే మీ నంబర్ వచ్చింది. మీ సారుతో కలిసి హోటల్‌కి రండి, గిఫ్ట్ తీసుకుని వెళ్ళిపోండి" అని. భార్యాభర్తలు ఇద్దరూ రావాలి, ఏటీఎం కార్డు గానీ క్రెడిట్ కార్డు గానీ తెచ్చుకోవాలి అన్నారు. గిఫ్ట్ తీసుకోవడానికి కార్డు ఎందుకని మాలో ఒక్కరికీ తోచలేదు.

అట్లా వెళ్ళిన వాళ్ళలో ఇద్దరి సంగతి చెప్తాం. పేర్లు చెప్పం. వాళ్ళిద్దరూ ఈ సభలోనే ఉన్నారు, చెప్పమని వాళ్ళే అన్నారు.

మొదటామె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుని వచ్చింది. నిజంగానే ఊటీకి పోయింది కూడా. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. తిరిగొచ్చాక మీటింగులో కూర్చుని ఖర్చు రాశాం. సర్టిఫికెట్ చెల్లుబాటు కావడానికి సర్వీస్ ఛార్జీ 3,500. రిసార్టులోనే తినాలన్న షరతు మీద భోజనం పెద్దవాళ్ళకు రోజుకు 600, పిల్లలకు 300, నాలుగు రోజులకు 7,200. సర్టిఫికెట్ ఇద్దరికే కాబట్టి పిల్లల పరుపులకు 3,000. రైలు, బస్సు 5,200. రిసార్టు ఊరికి దూరం కాబట్టి కారు బాడుగ 2,400. మొత్తం 21,300 రూపాయలు.

అదే ఊటీ ఊళ్ళో మామూలు లాడ్జి రోజుకు 1,500కి దొరుకుతుందని ఆమే కనుక్కుని వచ్చింది. మూడు రాత్రులకు 4,500, రైలు బస్సు అదే 5,200, మెస్సులో తిండి ఎక్కువ వేసుకున్నా 4,000. మొత్తం 13,700. అంటే ఉచితంగా వచ్చిన రూముకు 7,600 ఎక్కువ పెట్టింది. ఆమె నవ్వుతా అనింది, "ఊరికే వచ్చిందని పోయినాం గానీ, డబ్బులిచ్చి పోయుంటే చవగ్గా అయిపోయుండేది కదక్కా" అని. ఆమె నష్టం అంతటితో తీరింది.

రెండో ఆమె సంగతి అట్లా కాదు. హోటల్లో ఏసీ రూములో కూర్చోబెట్టి మూడు గంటలకు పైగా మాట్లాడారు. కాఫీలు ఇచ్చారు, సముద్రం ఫోటోలు చూపించారు. ఒకరు లేస్తే ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. "ఇంటికి పోయి ఆలోచించుకుంటాం" అంటే, "ఈ రేటు ఈరోజు వరకే సార్" అన్నారు. ఆఖరికి 1,40,000 రూపాయల మెంబర్‌షిప్‌కి సంతకం పెట్టారు. భర్త కార్డు మీద 20,000 అక్కడే గీకారు. మిగతాది నెలకు 10,000 చొప్పున 12 కంతులు.

ఆ కంతులకు ఆమె మన సంఘంలో గేదె కొంటానని 50,000 అప్పు తీసుకుంది. గేదె ఏదమ్మా అని చూడటానికి పోతే అమ్మగారి ఊర్లో ఉందని చెప్పింది. మేమూ గట్టిగా అడగలేదు. నాలుగు కంతులు కట్టింది. ఐదో నెలలో అక్కడా కట్టలేకపోయింది, ఇక్కడా కట్టలేకపోయింది. ఆ సమయానికే కంపెనీ నుంచి నిర్వహణ ఖర్చు 7,500 కట్టమని ఇంకో కాగితం వచ్చింది. అప్పటికి ఆ ఇంట్లోంచి కంపెనీకి పోయింది 60,000. వాళ్ళు ఒక్క రాత్రి కూడా ఎక్కడా నిద్ర చేయలేదు.

సకాలంలో కట్టిన సంఘానికే సున్నా వడ్డీ అని మీకు తెలుసు. ఆమె కంతు తప్పితే పది మందికీ దెబ్బ. మిగతా తొమ్మిది మందీ తలా కొంత వేసి ఆ నెల గట్టెక్కించారు. అందులో ఒకామె బిడ్డ ఫీజుకని దాచుకున్న డబ్బు ఇచ్చింది.

ఆరోజు మీటింగులో ఆమె మీద అందరూ కోప్పడ్డారు. ఆమె తల వంచుకుని విని, చివరకు ఒకే మాట అనింది. "నంబర్లు మీరే ఇచ్చారు కదక్కా. సంఘం ఇచ్చింది కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకున్నా" అని. మా దగ్గర జవాబు లేదు. ఇంకా అడిగితే చెప్పింది, "పెళ్ళయి పదహైదేళ్ళు. తిరుపతి కొండకీ, నెల్లూరు ఆస్పత్రికీ తప్ప ఎక్కడికీ పోలేదు. ఒక్కసారన్నా పిల్లకాయల్ని తీసుకుని పోదామనిపించింది" అని. ఆ ఆశ తప్పని మేము అనం. ఆ ఆశ మన అందరికీ ఉంది. ఆ ఆశ మీదే వాళ్ళు వ్యాపారం చేస్తారు.

ఇంతకీ టైమ్‌షేర్ అంటే ఏంది? మన చెరువు కింద నీళ్ళకు వంతులు పెట్టుకుంటాం కదా, అట్లాంటిదే. ఒక రూముకు ఏడాదిలో 52 వారాలు. ఒక్కో వారం వంతును ఒక్కో కుటుంబానికి కొన్నేళ్ళకు అమ్ముతారు. పద్ధతిగా నడిపే కంపెనీలూ ఉన్నాయి. ఏటేటా తప్పకుండా టూరు పోయేవాళ్ళు, ఉద్యోగంలో సెలవులున్నవాళ్ళు వాడుకుంటారు. మన బతుకులో కోతలుంటాయి, రొయ్యల షెడ్డులో పని ఉంటుంది, ఇంట్లో ముసలివాళ్ళు ఉంటారు. మన వంతు వచ్చినప్పుడు మనకు వీలు కాదు, మనకు వీలయినప్పుడు రూము ఖాళీ ఉండదు. పోయినా పోకపోయినా ఏటా నిర్వహణ ఖర్చు మాత్రం కట్టాలి. నీళ్ళు పారని మడికి నీటి తీరువా కట్టినట్టే.

ఆ సర్టిఫికెట్ ఇచ్చేది మనల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికే. పది మందికి కాగితాలు ఇస్తే ఒక్కరు సంతకం పెట్టినా వాళ్ళ ఖర్చు తిరిగొస్తుంది. మిగతా తొమ్మిది మంది కాగితాల్లో చాలావరకు గడువు దాటి పెట్టెల్లోనే ఉండిపోతాయి. మా లీడర్ల కాగితాలూ అట్లాగే ఉన్నాయి. వెనక వైపు సన్న అక్షరాలు మేము ఈ గొడవ అయ్యాకే చదివాం. 45 రోజుల ముందు రాయాలి, మూడు తేదీలు ఇవ్వాలి, అందులో ఏది ఇచ్చేదీ కంపెనీ ఇష్టం. పండగలు, ఎండాకాలం సెలవులు పనికిరావు.

ఇది మన ఊరి సంగతే కాదు. పాన్‌కార్డ్ క్లబ్స్ అని ముంబై కంపెనీ ఒకటి ఉండేది. మన పాన్ కార్డుకీ దానికీ సంబంధం లేదు. హోటల్ రూముల్లో బస చేసే రాత్రులు అమ్ముతున్నామని చెప్పి, వాడుకోకపోతే గడువు చివర ఎక్కువ డబ్బు తిరిగిస్తామని జనం దగ్గర వసూలు చేసింది. 51 లక్షల మందికి పైగా దగ్గర 7,035 కోట్లు తీసుకుందని తేల్చి, మూడు నెలల్లో వెనక్కి ఇవ్వాలని 2016 ఫిబ్రవరి 29న సెబీ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వచ్చినంత తొందరగా డబ్బు రాలేదు.

అగ్రిగోల్డ్ టైమ్‌షేర్ కాదు గానీ, అది మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన గాయం. సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. కట్టించిన ఏజెంట్లు ఎక్కువగా మన ఊరివాళ్ళే, మన బంధువులే. 10 వేల లోపు కట్టినవాళ్ళకు 2019 నవంబరులో, 20 వేల లోపు వాళ్ళకు 2021 ఆగస్టులో ప్రభుత్వం డబ్బు ఇచ్చేదాకా చిన్నవాళ్ళు ఎదురుచూడాల్సి వచ్చింది. మనిషి మీద నమ్మకంతో కాగితం చదవకపోవడమే అక్కడా ఇక్కడా జరిగింది.

మరి సర్టిఫికెట్ తీసుకోవచ్చా అని అడుగుతారు. మా జవాబు ఇది. మనలాంటి కుటుంబాలకు చాలాసార్లు అది లాభం కాదు. తీసుకునేదే అయితే, హోటల్‌కి బయలుదేరక ముందు ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, రూము కాకుండా నా జేబులోంచి పోయేది మొత్తం ఎంత? సర్వీస్ ఛార్జీ, పన్ను, భోజనం, పిల్లల ఖర్చు, ప్రయాణం అన్నీ రాసి కూడండి.
రెండు, ఏ తేదీల్లో దొరకదు, గడువు ఎప్పటిదాకా?
మూడు, ఇచ్చే కంపెనీ పేరు, చిరునామా కాగితం మీద పూర్తిగా ఉన్నాయా?
నాలుగు, గిఫ్ట్ తీసుకోవాలంటే ఏదైనా మీటింగులో కూర్చోవాలా? కూర్చోవాలంటే కార్డు, చెక్కు పుస్తకం ఇంట్లో పెట్టి పోండి.
ఐదు, ఈ కాగితం ఇంటికి తీసుకుపోయి చదువుకుని రేపు సంతకం పెడతానంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే అక్కడే లేచి రండి.

ఫోన్‌లోనే "గిఫ్ట్ వచ్చింది, ముందు పన్ను కట్టండి, ఓటీపీ చెప్పండి" అంటే అది ఏ టూరూ కాదు, పూర్తిగా మోసం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు భయపడి దాచుకోవద్దు. ఐరోపా దేశాల్లో టైమ్‌షేర్ కొన్నవాళ్ళకు 14 రోజుల లోపల మనసు మార్చుకునే హక్కు చట్టంలోనే ఉంది, ఆ 14 రోజులూ డబ్బు తీసుకోకూడదు. మన దగ్గర టైమ్‌షేర్‌కి అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని కంపెనీలు 10 రోజుల లోపల రద్దు చేసుకోవచ్చని కాగితంలో రాస్తాయి. అది ఉందేమో మొదట చూడండి. ఉంటే ఆ లోపలే రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. కంతులు ఫైనాన్స్ అప్పుగా ఉంటే చెప్పాపెట్టకుండా ఆపొద్దు, మీ సిబిల్ పాడవుతుంది. ముందు ఉత్తరం రాయండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బహుమతి ఇస్తామని చెప్పి ఇవ్వకుండా ఉండాలని చూడటం, దాని ఖరీదు వేరే దాంట్లో కలిపి ఉచితమని చెప్పడం అన్యాయపు వ్యాపార పద్ధతి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. తేలకపోతే మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్ళ లోపల కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు.

మా సభ్యురాలు అట్లాగే ఉత్తరం రాసింది, 1915కి చెప్పింది. మిగిలిన కంతులు కంపెనీ వదిలేసింది. కట్టిన 60,000 ఇవ్వలేదు. దాని కోసం కేసు వేశాం, ఇంకా నడుస్తోంది. సంఘం అప్పు మాత్రం ఆమె మిషను కుట్టి నెలనెలా తీరుస్తోంది. ఆమెను సంఘంలోంచి తీసేయమని కొందరు అన్నారు. తీసేయలేదు. తప్పులో సగం మాది కాబట్టి.

ఆ తర్వాత మా గ్రామ సంఘం నాలుగు తీర్మానాలు రాసుకుంది. సభ్యుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు ఏ కంపెనీకీ ఇవ్వకూడదు. తీర్మానం లేకుండా ఏ కంపెనీ మనిషీ మీటింగులో మాట్లాడకూడదు. లీడర్లు ఏ కంపెనీ దగ్గరా గిఫ్ట్ తీసుకోకూడదు. అప్పు తీసుకున్న పని జరిగిందో లేదో ఇద్దరు సభ్యులు పోయి కళ్ళతో చూసి రిజిస్టరులో రాయాలి. ఈ నాలుగింటినీ మండల సమాఖ్య కూడా తీర్మానం చేయాలని ఈ సభను కోరుతున్నాం.

ఇంకొకటి కూడా మొదలుపెట్టాం. ఇష్టమున్నవాళ్ళు నెలకు 100 రూపాయలు యాత్ర పొదుపు వేస్తున్నారు. ఏడాదికి మనిషికి 1,200 అవుతుంది. దానితో గోవా పోలేం. కానీ మొన్న చలికాలంలో అందరం పిల్లల్ని తీసుకుని మన నేలపట్టుకే పోయాం. ఎక్కడెక్కడి జనమో మన మండలానికి వచ్చి గూడబాతుల్ని చూసి పోతుంటే, మాలో సగం మంది అప్పటిదాకా చూడనే లేదు. ఆ రెండో ఆమె కూడా పిల్లలతో వచ్చింది. వచ్చే ఏడాదికి కన్యాకుమారి అనుకుంటున్నాం, రూము డబ్బులు మేమే ఇచ్చుకుని.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు 1992లో దూబగుంటలో సారా మీద లేచినప్పుడు, ఇంట్లో డబ్బు ఎటు పోతోందో లెక్క అడిగారు. అట్లా మిగిలిన రూపాయే తర్వాత మన పొదుపయింది. ఇప్పుడు డబ్బు బంగారు అంచు కాగితం మీద పోతోంది. ఆ లెక్క కూడా మనమే అడగాలి, అందులో ముందు లీడర్లను అడగాలి.